నాలుగు గంటల బిస్కెట్టు

మా ఇంట్లో కొలత ప్రకారం భోంచేసే ప్రాణి ఒక్కటే ఉంది. అది కుక్క.

మిగిలిన ఇద్దరం, అంటే మా వారూ నేనూ, మనసు ప్రకారం భోంచేస్తాం. మనసు ఎంతంటే అంత. మా వారికి షుగరు వచ్చి పన్నెండేళ్లయింది. నాకు "ఇంకా రాలేదమ్మా, గుమ్మంలో నిలబడి ఉంది" అని డాక్టరు గారు చెప్పి రెండేళ్లయింది. గుమ్మంలో ఉన్నదాన్ని లోపలికి రానివ్వకుండా ఉండాలంటే అన్నం తగ్గించాలి, రోజూ నడవాలి. ఈ రెండు ముక్కలూ నాకు తెలియనివి కావు, మీకూ తెలియనివి కావు. తెలిసిన పనిని చెయ్యకుండా వాయిదా వెయ్యడంలో మనకున్న నేర్పు ఇంకెవరికీ లేదు సుమండీ.

కుక్క సంగతి వేరు. పొద్దున్న ఒక గ్లాసు, సాయంత్రం ఒక గ్లాసు. గ్లాసు మీద మా అబ్బాయి గీసిన ఎర్ర గీత. ఆ గీత దాటి ఒక్క గింజ పడితే నా చెయ్యి వణుకుతుంది. అదే చెయ్యి, మా వారి కంచంలో మూడోసారి అన్నం వడ్డించేటప్పుడు ఏమాత్రం వణకదు. ఈ తేడా ఎందుకొచ్చిందా అని ఈమధ్య ఆలోచిస్తూంటే ఆలోచన ఎక్కడెక్కడికో పోయి, చివరికి మా అత్తగారి పడక్కుర్చీ దగ్గర ఆగింది.

ముందు ఆ కుక్క ఎలా వచ్చిందో చెప్పాలి. ఎనిమిదేళ్ల కిందట మా అబ్బాయి ఒక లాబ్రడారు పిల్లని చంకలో పెట్టుకుని వచ్చాడు. ఇంగ్లీషు బొమ్మల సినిమాలో సింహం పేరుట, సింబా అని పెట్టాడు. ఏడాది తిరక్కుండా వాడికి బెంగుళూరు బదిలీ అయింది. అక్కడి అద్దె ఇంట్లో కుక్కలకి ప్రవేశం లేదుట. పిల్లలు తెచ్చిన కుక్కల్ని చివరికి ఎవరు పెంచుతారో మీకు వేరే చెప్పాలా?

మా అత్తగారికి సింబా అనే పేరు నోరు తిరగలేదు. విశాఖపట్నంలో పుట్టి, విశాఖపట్నంలోనే మెట్టి, ఏటా చందనోత్సవానికి కొండెక్కిన మనిషి. "సింహాద్రీ" అని పిలవడం మొదలెట్టారు. "కుక్కకి అప్పన్న పేరేమిటమ్మా, అపచారం" అన్నారు మా వారు. "అన్నిట్లోనూ ఆయనే ఉన్నాడని మీ నాన్న రోజూ పురాణం చెప్పేవారుగా. దీన్లో మాత్రం లేడా?" అన్నారావిడ. అంతే, మా వారు నోరు మూసుకున్నారు. సింబా సింహాద్రి అయిపోయాడు.

ఆవిడకి పాతికేళ్లుగా షుగరు. మూడేళ్ల కిందట, ఎనభై నాలుగో ఏట పోయారు. ఆఖరి పదేళ్లూ ఆవిడ తిండి నా చేతుల్లోనే ఉండేది. చేతుల్లో అనడం మర్యాద కోసం, తాళం చెవిలో ఉండేది. బెల్లం డబ్బా, పంచదార డబ్బా, పండక్కి చేసిన పిండివంటలూ అన్నీ అలమారలో పెట్టి తాళం వేసేదాన్ని. అర్ధరాత్రి లేచి బెల్లం ముక్క నోట్లో వేసుకున్న రికార్డు ఆవిడకి ఉంది మరి! నాలుగు గంటలకి చక్కెర లేని టీ, రెండు మారీ బిస్కెట్లు. ఒకటి ఆవిడ తినేవారు, రెండోది కుర్చీ పక్కన కూర్చున్న సింహాద్రికి.

రెండోదొక్కటే అని నేననుకున్నాను. రెండూ వాడికే పోయేవని, మధ్యాహ్నం కంచంలోంచి నేతి ముద్దలూ, పరమాన్నంలోంచి కిస్మిస్ పళ్లూ కూడా బల్ల కిందికి దిగేవని తర్వాత తెలిసింది. ఒకసారి కంటపడి కోప్పడితే ఆవిడన్న మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "నాకెలాగూ కడుపునిండా పెట్టవు. నా చేత్తో ఒకరికి కడుపునిండా పెట్టుకోనియ్యి అమ్మాయ్."

అప్పుడు నవ్వేశాను. అందరికీ చెప్పి నవ్వించాను కూడా.

ఆవిడ పోయిన రెండో నెలలో సింహాద్రి మెట్లెక్కడం మానేశాడు. బెంగపెట్టుకున్నాడనుకున్నాం. పశువుల డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్తే, ఆయన వాణ్ణి త్రాసెక్కించారు. నలభై ఒక్క కిలోలు! "బెంగ ఉందేమో గానీ, ముందు కొవ్వుందమ్మా" అన్నారు. నా చెయ్యి పట్టుకుని వాడి డొక్కల మీద పెట్టించారు. పక్కటెముకలు కంటికి కనిపించక్కర్లేదుట, చేతికి తగలాలిట. నాకు పరుపు తగిలినట్టు తగిలింది. ఈ జాతి మగకుక్క ముప్ఫై, ముప్ఫై అయిదు కిలోల మధ్య ఉంటే బాగుంటుందని, ఒక్కసారి మాడ్చకుండా వారానికి ఒంటి బరువులో నూటికి ఒకటో రెండో వంతుల చొప్పున మెల్లిగా దించాలని చెప్పారు. ఉల్లిపాయ, వెల్లుల్లి, చాక్లెట్, ద్రాక్ష, కిస్మిస్ కుక్కలకి విషమని ఒక కాయితం చేతిలో పెట్టారు. కిస్మిస్ మూత్రపిండాల్ని దెబ్బతీస్తుందిట. మా అత్తగారి పరమాన్నం గుర్తొచ్చి నా గుండె జారిపోయింది. ఏ పూటా ఏమీ కాలేదంటే అప్పన్న దయే అనుకోవాలి.

ఆ రోజునించీ వాడి మీద నా ప్రభుత్వం మొదలైంది. కంచంలో మిగిలినవి బంద్. మధ్యలో ఏదైనా పెట్టాలంటే కీరా ముక్క, కేరెట్ ముక్క, ఉడికించిన చిక్కుడుకాయలు. అదీ రోజు మొత్తం తిండిలో పదోవంతు దాటకూడదు.

మొదటి పదిహేను రోజులూ వాడు చూసిన చూపులు నేను మర్చిపోలేను. వడ్డించి అయిన కంచం దగ్గర కూర్చుని, కంచాన్ని కాదు, నన్ను చూసేవాడు. కోపం లేదు. "నేనేం తప్పు చేశాను?" అన్నట్టు. భారతంలో మొదట్లోనూ కుక్క ఉంది, చివర్లోనూ కుక్క ఉంది. చివరి కుక్క అందరికీ తెలిసిందే. దాన్ని వదిలేసి రథమెక్కమంటే ధర్మరాజు స్వర్గమే వద్దన్నాడు. మొదట్లో కుక్కని మనం అంతగా తలుచుకోం. జనమేజయుడు యాగం చేస్తూంటే సరమ అనే దేవశునకం కొడుకు అక్కడికి వెళ్తాడు. రాజుగారి తమ్ముళ్లు వాణ్ణి కొడతారు. సరమ వచ్చి, నా బిడ్డ నైవేద్యం ముట్టలేదే, కనీసం చూడనైనా లేదే, ఎందుకు కొట్టారు చెప్పమంటుంది. ఎవరూ బదులు చెప్పరు. అది శపించి వెళ్లిపోతుంది. ధర్మరాజు కథ వింటే గర్వంగా ఉంటుంది గానీ, నాకెందుకో సింహాద్రి చూపుల్లో సరమే కనిపించేది.

రెండుసార్లు మనసు కరిగి పెరుగన్నం పెట్టేశాను కూడా. రెండోసారి డాక్టరు గారితో ఒప్పేసుకున్నాను. ఆయన కోప్పడలేదు. "లాబ్రడార్లకి ఆకలి కాస్త ఎక్కువేనమ్మా. కొన్నిట్లో అది రక్తంలోనే ఉంది" అని ఒక సంగతి చెప్పారు. 2016లో ఇంగ్లండులో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం వాళ్లు కనిపెట్టారుట. ఈ జాతిలో దాదాపు నాలుగింట ఒకదానికి ఒక జన్యువులో చిన్న ముక్క ఊడిపోయి ఉంటుందిట. దాంతో "ఇంక చాలు" అనే కబురు మెదడుకి సరిగ్గా అందదుట. తిన్నా, తినకపోయినా అది ఆకలిగానే ఉంటుంది. "అంచేత వాణ్ణి తిండిపోతని తిట్టకండి. వాడి తప్పు కాదు. అలాగని పెట్టకండి."

ఇంటికొస్తూ ఆటోలో ఆ మాటే నెమరేసుకున్నాను. కుక్క లావైతే దాని తప్పు కాదన్నారు. మరి మా పెద్దాడపడుచు లావైతే "నోరు కట్టుకోలేదు" అని నలభై ఏళ్లుగా అంటున్నాం. నా గురించీ ఎక్కడో అంటూనే ఉంటారు. మనుషుల్లోనూ ఆకళ్లు అందరికీ ఒక్కలా ఉండవు కదా? ఒకరికి సగం కంచానికే చాలనిపిస్తుంది, ఒకరికి రెండు కంచాలకీ అనిపించదు. చాలనిపించినవాళ్లు దాన్ని తమ నిగ్రహం అనుకుని, చాలననివాళ్లకి నీతులు చెప్తారు. లేని ఆకలిని జయించడం ఏం గొప్ప, మీరే చెప్పండి?

తప్పు కాదు, కానీ పెట్టకు. ఈ రెండు మాటల్నీ ఒకేసారి మనసులో పెట్టుకోవడం కష్టం. తప్పయితే శిక్షించొచ్చు. తప్పు కాకపోతే జాలిపడి పెట్టొచ్చు. తప్పు కాదని తెలిసీ వద్దనాలంటే వేరే గుండె కావాలి. అయితే ఆ గుండెకి కాస్త బలమిచ్చే లెక్క కూడా ఆ డాక్టరు గారే చెప్పారు. అమెరికాలో నలభై ఎనిమిది లాబ్రడారు పిల్లల్ని, ఒకే ఈతలో పుట్టినవాటిని జోడీలుగా పెట్టి, ఒకదానికి పెట్టిన దాంట్లో ముప్పాతిక వంతే రెండోదానికి పెడుతూ పెంచారుట. 2002లో ఫలితాలు వచ్చాయి. తక్కువ తిన్నవి రమారమి పదమూడేళ్లు బతికాయి, ఎక్కువ తిన్నవి పదకొండేళ్ల చిల్లర. తేడా ఒక ఏడాదీ పది నెలలు. కుక్క బతుకులో అది చిన్న కాలం కాదు.

సరే, వాడి కంచం మూతపడేసరికి ఇంకో చిక్కొచ్చింది. మిగిలిన అన్నం ఎవరికి పెట్టాలి? పారెయ్యడానికి మనసొప్పదు. అన్నం పరబ్రహ్మమని పెరిగినవాళ్లం. అంతవరకూ గిన్నె అడుగున ఉన్నది సగం సింహాద్రికీ, సగం నాకూ పోయేది. ఇప్పుడు మొత్తం నాకే పోవడం మొదలెట్టింది. అప్పుడు అర్థమైంది, ముప్ఫై అయిదేళ్లుగా ఈ ఇంట్లో మిగిలినవి తినే ప్రాణిని నేనేనని, వాడు మధ్యలో వచ్చిన సహాయకుడని. అందరూ తిన్నాక కూర్చోవడం, మిగిలిన పప్పు, అడుగంటిన కూర, పిల్లలు వదిలేసిన అరముద్ద నోట్లో వేసుకోవడం, ఇది మనలో ఎందరికి అలవాటో! మన ఆకలెంతో మనకే తెలీదు. గిన్నెలో ఎంత ఉంటే అంత మన ఆకలి. కుక్కకి పనికిరాదని పక్కన పెట్టిన దాన్ని నేను కూర్చుని తింటూంటే, ఆ పూట మా పనమ్మాయి ఆగి చూసింది. ఏమీ అనలేదు గానీ, మర్నాడు నించీ నేను బియ్యం ఒక డబ్బా తగ్గించి పోస్తున్నాను. ఇంట్లో వచ్చిన పెద్ద మార్పేమైనా ఉంటే అదే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు 2024లో వేసిన పుస్తకంలో కంచంలో సగం కూరలూ పళ్లూ ఉండాలనీ, రోజు మొత్తం శక్తిలో బియ్యం, గోధుమ, చిరుధాన్యాల వాటా నలభై అయిదు శాతం దాటకూడదనీ ఉంది. మా కంచం ఆ లెక్కకి ఇంకా ఆమడ దూరంలో ఉంది. కానీ బెండకాయ కూర పచ్చట్లో నంజుకోవడానికి కాక, కూరలాగే తినడం మొదలైంది.

ఇక నడక. పొద్దున్న ఆరు గంటలకి మా కాలనీ వీధుల్లో వాడూ నేనూ. ఎండెక్కితే వాడికి కష్టం. కుక్కలకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు, నాలిక చాపి రొప్పితేనే వేడి దిగుతుంది. పైగా ఈ ఊరి ఉక్కపోత. రోడ్డు మీద అరచెయ్యి వెనక్కి తిప్పి ఆనించి, ఏడు అంకెలు లెక్కపెట్టేదాకా ఉంచలేకపోతే వాడి పాదాలూ ఉండలేవన్నమాట. మొదట్లో ఈ నడక నాకు నడకలా అనిపించేది కాదు. ప్రతి స్తంభం దగ్గరా ఆగి, పేపరు చదివినట్టు వాసన చూసేవాడు. వాడికి అదే లోకం, లాగకండి అన్నారు డాక్టరు గారు. ప్రపంచ ఆరోగ్య సంస్థేమో పెద్దవాళ్లు వారానికి కనీసం నూట యాభై నిమిషాలు కాస్త వేగంగా నడవాలంటోంది. స్తంభాల లెక్కలో అది తేలదు. అందుకని వెళ్లేటప్పుడు వాడి నడక, వచ్చేటప్పుడు నా నడక అని ఒప్పందం చేసుకున్నాం. వాడు నాకంటే నిజాయితీగా పాటిస్తాడు.

"నువ్వు నడవడం లేదోయ్, వాడు నిన్ను నడిపిస్తున్నాడు" అంటారు మా వారు. నిజమే. పదేళ్లుగా నా కోసం నన్ను నడవమంటే నడవలేదు. కుక్క కోసం నడుస్తున్నాను. మరొకరి కోసం చేసిన మంచి నా మంచి అవుతుందా, కాదా? నన్నడిగితే ఇందులో వేదాంతం కంటే ఇంటి సంగతే ఎక్కువ. పొద్దున్న ఆరింటికి "నేనలా నడిచొస్తా" అని గడప దాటి చూడండి. "కాఫీ?" అని వెనక నించి వినిపిస్తుంది. "సింహాద్రిని తిప్పుకొస్తా" అనండి, కాఫీ దానంతటదే కలుస్తుంది! మా వారు డికాషన్ దించడం నేర్చుకున్నది వాడి పుణ్యమే. నా ఒంటి కోసం నేను బయటికెళ్తానంటే స్వార్థంలా, కుక్క కోసం అంటే బాధ్యతలా ఎందుకుంటుందో! అనేవాళ్లని అని లాభం లేదు, నాకే అలా ఉంటుంది.

ఇప్పుడా పడక్కుర్చీ సంగతి.

అత్తగారి ఆఖరి సంక్రాంతి. అరిసెలు వండాను. ఇల్లంతా బెల్లప్పాకం వాసన. ఆ నెలలో ఆవిడకి షుగరు మూడు వందలు దాటి ఉంది, కాలి మీద పుండు మానడం లేదు. "ఒక్కటి పెట్టవే అమ్మాయ్" అన్నారు. నేను ఆవిడతో మాట్లాడలేదు. మా వారి వైపు తిరిగి "చూడండి, మీ అమ్మగారు అరిసె కావాలంటున్నారు. ఏమైనా అయితే నేను జవాబుదారీ కాదు" అన్నాను. చివరికి గోరంత ముక్క విరిచి ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడ దాన్ని కాసేపు చూశారు. పక్కనే ఉన్న సింహాద్రికి పెట్టేశారు. కోపంగా కాదు. నాకక్కర్లేదులే అన్నట్టు. శివరాత్రి లోపలే పోయారు, నిద్రలో. గుండె ఆగింది, వయసు కదా అన్నారు.

పెట్టి ఉంటే పెట్టానని ఏడ్చేదాన్ని, పెట్టలేదు కాబట్టి పెట్టలేదని ఏడుస్తున్నాను అని చాలాకాలం సర్దిచెప్పుకున్నాను. కానీ సింహాద్రి గ్లాసు కొలుస్తున్నకొద్దీ నాకు వేరే ముల్లు గుచ్చుకుంటోంది. వాడికి ఎందుకు వద్దంటున్నానో నేను చెప్పలేను. చెప్పినా వాడికి తెలీదు. అందుకే తాళం. అది నా ధర్మం కూడా. కాదనను. ఆవిడకి చెప్పగలను. చెప్తే తెలిసే మనిషి. చెప్పగలిగి ఉండీ తాళం వేశాను, ఆవిడ ముందే ఆవిడ గురించి ఇంకొకరితో మాట్లాడాను. అరిసె పెట్టకపోవడం కాదు నేను చేసింది.

"చెప్తే వినేదా మా అమ్మ? అర్ధరాత్రి బెల్లం ఎవరు తిన్నారు?" అంటారు మా వారు. అదీ అబద్ధం కాదు. పొద్దున్న "డాక్టరు చెప్పాడుగా, నాకొద్దు" అనే అత్తగారూ, రాత్రి అలమార తడిమే అత్తగారూ ఒక్కరే. ఎవరి మాట వినాలి? అలాగైతే పొద్దున్న నిమ్మకాయ నీళ్లు తాగి ఒట్టు పెట్టుకునే నేనూ, సాయంత్రం నాలుగు మిరపకాయ బజ్జీలు తినే నేనూ ఇద్దరమే. నా అలమారకి ఎవరూ తాళం వెయ్యలేదే?

మొన్నామధ్య మా డాక్టరు గారితో మాటల్లో ఈ ఊసొచ్చింది. ఎనభై దాటినవాళ్లకి షుగరు మరీ కట్టుదిట్టంగా పట్టి ఉంచక్కర్లేదని, మనిషిని బట్టి కొంచెం వదులుగానే చూస్తామని అన్నారు. "ఆ మాట అప్పుడే చెప్పచ్చుగా" అన్నాను. "మీరు నంబర్లు అడిగారు గానీ, ఇది అడగలేదమ్మా" అన్నారు. కాలి పుండు ఉంది కాబట్టి అరిసెలు పెట్టమనేవారు కాదేమో. ఒక్కటి పెట్టమనేవారేమో.

ఈ సంక్రాంతికి అరిసెల డబ్బా అలమారలో పెట్టలేదు. భోజనాల బల్ల మీద పెట్టి మా వారితో చెప్పాను: "ఇది డబ్బా, అది మీ షుగరు చూసే మిషను, మధ్యలో మీరు." మూడు రోజులు తిని నాలుగో రోజు మానేశారని రాస్తే బాగుండును. మానలేదు. అయిదో రోజు మిషనులో అంకె చూసి నన్నే కోప్పడ్డారు, ఎందుకు వండావని. ఆరో రోజు సగం అరిసె తిని, మిగతా సగం మళ్లీ డబ్బాలో పెట్టారు. కొరికిన అరిసె మళ్లీ డబ్బాలో పెట్టడమేమిటని నేను కోప్పడ్డాను.

సింహాద్రి ఇప్పుడు ముప్ఫై నాలుగు కిలోలు. మెట్లెక్కుతున్నాడు. నాలుగు గంటలయ్యేసరికి మాత్రం ఎక్కడున్నా లేచి వచ్చి ఆ పడక్కుర్చీ పక్కన కూర్చుంటాడు. కీరా ముక్క ఇస్తే నోట కరుచుకుని, కుర్చీ కాలి దగ్గర పెట్టి, పైకి చూసి, ఆ తర్వాత తింటాడు. వారానికొకసారి, డాక్టరు గారికి చెప్పకుండా, ఒక మారీ బిస్కెట్టు ఇస్తాను. ఆ పూట గ్లాసులో ఎర్ర గీతకి రెండు చెంచాలు కిందే ఆపేస్తాను.

నిన్న మా వారు అది చూశారు. "నాకూ రాత్రి అన్నంలో ఆ లెక్కే వేసి ఒక అరిసె ఇవ్వచ్చుగా" అన్నారు.

"వాడికి నోరు లేదు కాబట్టి లెక్క నేను వేస్తున్నాను. మీకుందిగా, మీరు చెప్పండి ఎంత తగ్గించమంటారో" అన్నాను.

ఇంకా చెప్పలేదు. ఆలోచిస్తున్నారు.